మెడలో చక్ కీ

"ముందు ఆ తీగ తీసి అవతల పెట్టు. తిండి దగ్గర ఆ ఇనుమేమిటే, గంట కట్టిన ఆవులా?"

లుడ్వికా పొయ్యి దగ్గర నుంచే గరిటె చూపించి అరిచింది. హలీనా తియ్యలేదు. కుర్చీ లాక్కుని తండ్రికి ఎదురుగా కూర్చుంది. మెడ చుట్టూ మెలేసిన గట్టి తీగకి జానెడు చక్ కీ వేలాడుతోంది. ఆమె వంగినప్పుడల్లా అది పళ్ళేనికి తగిలి టంగుమంటోంది.

"తియ్యడానికి వీల్లేదమ్మా. రేపు పొద్దున ఎనిమిదింటిదాకా మెడలోనే ఉండాలని ఫోర్‌మన్ ఉత్తర్వు. ఇంటికెళ్ళాక తీసెయ్యొచ్చని ఆయన చెప్పలేదు."

"ఆయనేమన్నా ఇక్కడికొచ్చి చూస్తాడా?"

"ఆయన రానక్కర్లేదు. రేపు ఆయన పక్కన కూర్చుని నాకు తీర్పు చెప్పబోయే పెద్దమనిషి ఇక్కడే ఉన్నాడుగా, క్యాబేజీ చుట్టలు తింటూ."

ఆ పెద్దమనిషి జిగ్మంట్ తల ఎత్తలేదు. మాంసం కూరిన క్యాబేజీ చుట్టని కత్తితో అడ్డంగా కోసి, ఆవిరి పోయేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాడు. జూన్ నెల ఎండ ఇంకా కిటికీలోంచి బల్ల మీద పడుతోంది. పక్కింటి రేడియోలో బేస్‌బాల్ ఆట సాగుతోంది. ఈ ఇంట్లో మాత్రం మంగళవారం నుంచి ఎవరూ ఎవరికీ ఉప్పు కూడా అందించలేదు.

"మాట్లాడవేం నాన్నా? మొన్న అంత చక్కగా మాట్లాడావుగా. 'కొత్త చేతులు, మర్చిపోతుంటాయి.' ఎంత బాగా అన్నావు! లియో నోట్లోంచి రక్తం కారుతోంది. షాపు షాపంతా నా చుట్టూ మూగింది. ఫోర్‌మన్ నీ మొహం చూశాడు. నువ్వు నేల చూసి ఆ ముక్క అన్నావు."

"అన్నాను. అందులో తప్పేముంది? కొత్త చేతులే."

"కొత్త చేతులే. కానీ మర్చిపోలేదు. అప్పుడు కూడా నా కీ మేకుకే వేలాడుతోంది."

"మేకుకి ఉంటే, మరి లియో మూతికి తగిలిందేమిటి, దేవదూతా?"

"అదే నేనూ అడుగుతున్నాను, ఏమిటని."

జిగ్మంట్ మళ్ళీ క్యాబేజీ మీద పడ్డాడు. జవాబు చెప్పడానికి ఇష్టం లేనప్పుడు ఆయనకి ఆకలి పెరుగుతుంది.

పన్నెండో వీధిలోని ఆ మెషిన్ షాపులో అందరికీ ప్రాణంకన్నా ముందు గుర్తుండే సంగతి ఒకటుంది. లేత్ మీద ఇనప కడ్డీని పట్టుకునేది చక్. దాని దవడలు బిగించేది కీ. బిగించిన మరుక్షణం కీ ఊడదీసి చేతిలోకి తీసుకోవాలి. మర్చిపోయి మిషన్ తిప్పితే, అది ఎగిరి ఎవరి కపాలం వెతుక్కుంటుందో చెప్పలేం. అందుకే ఆ షాపులో ఎవరి కీ వాళ్ళే చేసుకుంటారు. కొత్తగా చేరినవాళ్ళకి అప్పజెప్పే మొదటి పని అదే. ఉక్కు కడ్డీ కొసని ఆకురాయితో నాలుగు పలకలూ సమంగా వచ్చేదాకా అరగదీసి, మీద పొడి అక్షరాలు గుద్దుకోవాలి. అవతలివాడి కీ ముట్టుకోకూడదు. అవతలివాడి మిషన్ మీద చెయ్యి వెయ్యకూడదు. కీ వదిలినవాడు దాన్నే మెడలో కట్టుకుని తిరగాలి.

హలీనా కీ చెయ్యడానికి పదకొండు రోజులు పట్టింది. చేతులు పొక్కులెక్కి, చెంచా పట్టుకోవడం కూడా కష్టమైంది. ఇరవై తొమ్మిదేళ్ళ మనిషి, అట్టపెట్టెల ఫ్యాక్టరీలో తొమ్మిదేళ్ళు పెట్టెలు మడిచీ మడిచీ విసిగి, ఈ షాపులో మొదటి ఆడమనిషిగా కాలుపెట్టింది. తొంభై రోజులు పరీక్ష. నెగ్గితే నాలుగేళ్ళ అప్రెంటిస్ కాగితాల మీద సంతకాలవుతాయి. ఆ తర్వాత ఆమె టర్నర్. ఎవరూ కాదనడానికి లేదు. రేపు శుక్రవారంతో తొంభై పూర్తి. యజమాని, ఫోర్‌మన్ మెర్ల్, పాత పనివాళ్ళ తరఫున జిగ్మంట్, ఈ ముగ్గురూ రేపు ఎనిమిదింటికి కూర్చుని ఉంచాలో పంపాలో చెబుతారు. న్యాయం ఎంత ముచ్చటగా ఉందో చూడండి!

"మంగళవారం పది గంటలకి మెర్ల్ నన్ను డ్రాయింగ్ కోసం పిలిచాడు," అంది హలీనా. ఇది ఆమె చెప్పడం నాలుగోసారి. "అప్పటికి చక్ బిగించేశాను. కీ తీశాను, మేకుకి తగిలించాను, వెళ్ళాను. వచ్చాను, మేకు వైపు చూశాను. కీ ఉంది. లీవర్ లాగాను. చక్ వెనకపక్క కన్నంలో ఇంకో కీ ఉందని నాకెలా తెలుస్తుంది?"

"చూసుకోవాలి. చక్‌ని చూడాలి. మేకుని కాదు."

"ఒప్పుకుంటాను. అది నా తప్పే. ఒక్కసారి చేత్తో తిప్పి చూడాల్సింది, చూడలేదు. రేపు వాళ్ళ ముందు కూడా ఆ మాట చెబుతాను. కానీ పెట్టని కీ పెట్టానని మాత్రం చచ్చినా చెప్పను. మెర్ల్ ఏమన్నాడో విన్నావుగా? ఎగిరిపడ్డాక నేనే ఎవరూ చూడకుండా ఏరుకొచ్చి మేకుకి తగిలించానట! అజాగ్రత్త అంటే పడతాను నాన్నా. దొంగంటే ఎలా పడతాను?"

"గట్టిగా అరవకు. పక్కింటివాళ్ళు వింటారు," అంది లుడ్వికా.

"విననీ! ఈ తీగతో రెండు రోజులు బస్సులో వచ్చాను. ఊరంతా చూసింది. వినడానికేం?"

లుడ్వికా బీట్‌రూట్ సూప్ గిన్నె తెచ్చి బల్ల మీద ఠపీమని పెట్టింది. రెండు చుక్కలు బల్లగుడ్డ మీద పడ్డాయి. ఆమె వాటిని తుడవలేదు. ఆ ఇంట్లో మరక పడితే తుడవకుండా ఉండటం పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి కావచ్చు.

"నాన్నా, ఒక్కటే అడుగుతాను. మంగళవారం పది గంటలకి నా లేత్ దగ్గరికి వచ్చావా?"

"లేదు."

"నా మొహం చూసి చెప్పు."

జిగ్మంట్ కత్తి కింద పెట్టి ఆమె మొహం చూశాడు. నీలి కళ్ళు, చుట్టూ నలభయ్యేళ్ళ నూనె మరకలు ఇంకిన ముడతలు. ఆ కళ్ళల్లో అబద్ధం లేదు. ఆమెకి పిచ్చెక్కించింది అదే.

"రాలేదు. వస్తే వచ్చానని చెప్పనా? నేను కీ వదిలేవాణ్ణా? నలభయ్యొక్క ఏళ్ళల్లో ఒక్కసారి వదిలాననేవాణ్ణి తీసుకురా. నీకు ఆరేళ్ళప్పుడు ఈ బల్ల దగ్గరే నేర్పాను, కీ ఉంటే చేతిలో ఉండాలి, లేదంటే మేకుకో జేబులోనో ఉండాలని. నాకే ఎదురు నేర్పుతావేం?"

"నువ్వు నేర్పావు కాబట్టే అడుగుతున్నా."

"ఇంక చాలించండి," అంది లుడ్వికా. "హలీనా, నీకు చేతులెత్తి దణ్ణం పెడతాను. రేపు తప్పయిందని ఒక్క మాట అను. క్షమించమను. వాళ్ళు మనసున్నవాళ్ళే. ఉంచుతారేమో."

"ఉంచకపోతే?"

లుడ్వికా సూప్ గిన్నెలో గరిటె తిప్పసాగింది.

అప్పుడే వెనక వాకిలి జాలీ తలుపు చప్పుడైంది.

గుమ్మంలో లియో నిలబడి ఉన్నాడు. హలీనా పక్క లేత్ మనిషి. వాళ్ళ ఇల్లు రెండు వీధులవతల. పై పెదవి వాచి ముక్కుదాకా వచ్చింది. మీద నల్లటి కుట్లు అయిదు. ముందు పళ్ళు రెండు లేవు. చంకలో ఒక పాత వార్తాపత్రిక పొట్లం ఉంది.

"రా లియో, కూర్చో," అంది లుడ్వికా కంగారుగా. "సూప్ తాగుతావా? చల్లార్చి ఇస్తాను."

లియో చెయ్యి అడ్డంగా ఊపాడు. కుర్చీలో కూర్చోలేదు. మాటకీ మాటకీ మధ్య ఆగి, కుట్లు లాగకుండా మెల్లిగా మాట్లాడాడు.

"ఎక్కువ మాట్లాడకూడదన్నారు. మా ఆవిడ ఇవాళ నా ఏప్రన్ ఉతకబోయింది. రక్తం అయింది కదా. జేబులు దులిపితే ఇది దొరికింది. మూతికి తగిలి, తిన్నగా ఛాతీ జేబులో పడినట్టుంది. నేను ఆసుపత్రిలో పళ్ళు వెతుక్కుంటుంటే, ఇది నా జేబులో ఉంది."

పొట్లం విప్పి బల్ల మీద పెట్టాడు.

చక్ కీ. పాతది. పట్టుకునే చోట అరిగి అరిగి అద్దంలా నునుపుదేలింది. ఒక మూలన రక్తం ఎండి గోధుమరంగుకి తిరిగింది.

ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. హలీనా మెడలోని కీ ఆమె మెడలోనే ఉంది. అంటే ఎగిరింది అది కాదు. ఈ ముక్క ఇంక ఎవరూ చెప్పనక్కర్లేదు.

"అక్షరాలు చూశాను," అన్నాడు లియో. "అందుకే షాపుకి తీసుకెళ్ళకుండా ముందు ఇక్కడికి తెచ్చాను, జిగ్గీ."

"ఎవరిదైతే నాకేం?" జిగ్మంట్ నిటారుగా కూర్చున్నాడు. "నా కీ నా దగ్గర ఉంది. నలభయ్యేళ్ళ నుంచి కుడి జేబు దాటలేదు. ఇదిగో!"

కుడి జేబులో చెయ్యి పెట్టాడు. చెయ్యి అక్కడే కాసేపు ఉంది. తీసేసరికి అందులో కీ లేదు. మంగళవారం నుంచి ఆయన చక్‌లో ఒకే పెద్ద కడ్డీ ఉంది, కీ అవసరం పడలేదు. నాలుగు మడతల చిన్న కాగితం ఉంది, సరుకుల జాబితా రాసుకునే గీతల కాగితం.

లుడ్వికా చటుక్కున చెయ్యి చాచింది. హలీనా ముందు అందుకుంది.

తల్లి చేతిరాత. గుండ్రటి పెద్ద అక్షరాలు. చర్చి రిజిస్టరులో ఆమె పేర్లు రాసే అక్షరాలే.

'గురువారం. డబ్బా పన్నెండింటికి తిను. నీ అలమర నంబరు పదిహేడు. సాయంత్రం బస్సు గేటుకి ఎడంపక్క. హలీనా కూడా ఇప్పుడు మీ షాపులోనే చేస్తోంది. ఆమెతో కలిసి రా.'

హలీనా ఆఖరి మాటలు రెండుసార్లు చదివింది. పక్కింటి రేడియోలో ఎవరో పరుగు తీసినట్టున్నారు, జనం గోలగా అరుస్తున్నారు.

"ఎన్నాళ్ళనుంచి ఈ మరుపు?"

లుడ్వికా ఏప్రన్ కొస నలుపుతోంది. "చలికాలం నుంచి. రోజూ కాదే. అప్పుడప్పుడు. ఒకరోజు షాపు దాకా వెళ్ళి, లోపలికెళ్ళకుండా తిరిగొచ్చాడు. చేతులు మాత్రం మర్చిపోవు. మిషన్ ముందు నిలబడితే చాలు, చేతులు వాటంతటవే చేసుకుపోతాయి..."

"చేసుకుపోయాయి! లియో పళ్ళు చేసుకుపోయాయి! అమ్మా, నీకు తెలిసి తెలిసి ఈయన్ని రోజూ ఆ తిరిగే ఇనుము మధ్యకి పంపావా? జేబులో చీటీ పెట్టి? అది పళ్ళకి తగిలింది కాబట్టి లియో నిలబడి ఉన్నాడు. అంగుళం పైకి తగిలి కన్ను పోతే ఏం చేసేదానివి, లియోకి కూడా చీటీ రాసిచ్చేదానివా?"

"పదకొండు నెలలే! పదకొండు నెలలు ఓపిక పడితే గౌరవంగా రిటైరవుతాడు. అందరూ చప్పట్లు కొడతారు. ఇప్పుడు తెలిస్తే రేపే గేటు బయట నిలబెడతారు. 'మతిపోయింది, పంపేశాం' అంటారు. మీ నాన్నకి ఆ పేరొద్దు హలీనా. నీకు ఇంకో పని దొరుకుతుంది. ఆయనకి ఇంకో పేరెక్కడ దొరుకుతుంది?"

హలీనాకి అప్పుడు తట్టింది. మూడు నెలల కిందట ఈ వంటింట్లోనే తండ్రి అడ్డం తిరిగాడు. ఆడదానికి లేత్ ఏమిటన్నాడు. వారం రోజులు భర్తతో మాటలు మానేసి ఆమె పక్షాన నిలబడింది తల్లి. ఈ లోకంలో తన చేతుల్ని నమ్మిన మనిషి ఒక్కరైనా ఉన్నారని హలీనా ఆ వారమంతా దిండు తడుపుకుంది.

"అయితే..." హలీనా కాగితం బల్ల మీద పడేసింది. "నన్ను షాపుకి పంపింది పని నేర్చుకోవడానికి కాదన్నమాట. ఈయనకి కాపలాకి."

లుడ్వికా ఆ కాగితం తీసి మడతపెట్టింది.

"ఎంత మాట దాచావమ్మా! పదకొండు రోజులు ఆకురాయి తోస్తుంటే పొక్కులకి వెన్న రాశావే, అదీ నాకోసం కాదా? మర్యాదగా అడిగుంటే కాపలా కాసేదాన్ని. కన్నతండ్రి, కాదంటానా? నమ్మినట్టు నటించడం ఎందుకు?"

"నటించలేదే..."

"ఇంక నువ్వు మాట్లాడకు!"

ఈ గొడవంతా సాగుతుండగా జిగ్మంట్ ఆ కీని చేతిలోకి తీసుకున్నాడు. కళ్ళద్దాలు లేవు. బొటనవేలితో గుద్దిన అక్షరాలు తడిమాడు. జెడ్. డబ్ల్యూ., తన పేరు పొడి అక్షరాలు. కింద 1938. మళ్ళీ తడిమాడు. ఎండిన రక్తం గోటికి అంటింది.

"ఇది నేను చేసిందే," అన్నాడు.

హలీనా ఆయన వైపు తిరిగింది.

"నీ దగ్గరికి వచ్చే ఉంటాను, హలింకా. రోజూ వస్తాను. నువ్వు ఎటన్నా వెళ్ళగానే వచ్చి, నా కీ పెట్టి, నీ బిగింపు చూసి పోతాను. మంగళవారం సంగతి గుర్తులేదు. గుర్తు తెచ్చుకుంటున్నా, రావట్లేదు."

"రోజూనా?" హలీనా లేచి నిలబడింది. "నా మిషన్ మీద, నన్ను అడక్కుండా, రోజూనా? ఇంకెవడి చక్ మీదైనా ఇలా చెయ్యి వేస్తావా? లియో చక్ మీద వేస్తావా?"

"వెయ్యను."

"మరి నాదెందుకు? ఒక్కసారైనా వదులుగా ఉందా?"

జిగ్మంట్ కీని అరచేతిలో తిప్పాడు. "లేదు. ఒక్కసారి కూడా లేదు."

ఆ మాట ఆమె తొంభై రోజులుగా వినాలని ఎదురుచూసిన మాట. ఇలా, ఈ పూట, లియో రక్తం అంటిన చేత్తో అంటాడని అనుకోలేదు. ఆమెకి సంతోషం రాలేదు. ఒళ్ళు మండిపోయింది.

జిగ్మంట్ లేచాడు. సొరుగులోంచి కటింగ్ ప్లేయర్ తీశాడు. కూతురి వెనక్కి వచ్చి, మెడకి తగలకుండా వేలు అడ్డం పెట్టి, తీగ పుటుక్కున కోశాడు. ఆమె కీ ఊడదీసి ఆమె చేతిలో పెట్టాడు. తన కీ ఆ తీగకే గుచ్చి, తన మెడకే చుట్టుకుని, కొసలు మెలేశాడు.

"రేపు ఎనిమిదింటికి నేనే చెబుతాను," అన్నాడు. మళ్ళీ కూర్చుని, చల్లారిన క్యాబేజీ చుట్ట తినడం మొదలుపెట్టాడు.

లియో గుమ్మం దగ్గర ఆగాడు. "నేను రేపు రాను. మీ ఇంటి సంగతి మీరు తేల్చుకోండి. కానీ నన్నెవరైనా అడిగితే అబద్ధం చెప్పను, లుడ్వికా. నాకు ఉన్న పళ్ళు చాలు, వాటితో నిజమే మాట్లాడతాను."

జాలీ తలుపు వెనక మూసుకుంది. లుడ్వికా అప్పుడు తడిగుడ్డ తెచ్చి, బల్లగుడ్డ మీది మరకలు తుడవసాగింది. అప్పటికే అవి ఎండిపోయాయి.

* * *

శుక్రవారం పొద్దున హలీనా కిందికి దిగేసరికి జిగ్మంట్ ముస్తాబై ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, పై గుండీ పెట్టి టై, ఆదివారం వేసుకునే కోటు. లుడ్వికా టై ముడి సరిచేస్తోంది. తీగా కీ చొక్కా కింద ఉన్నాయనుకుంది హలీనా.

"కమిటీలో కూర్చునేవాడు నూనె చొక్కాతో వెళ్తాడా?" అంది, ఎవరూ అడక్కుండానే.

హలీనా తల్లితో మాట్లాడలేదు. కాఫీ నిలబడే తాగింది. లుడ్వికా గోధుమరొట్టె డబ్బాలో సర్దుతూ, వీపు ఇటు తిప్పి ఏదో రాస్తోంది. రోజూ రాసేదే అయి ఉంటుంది. ఇప్పుడిక దాచుకునే పని కూడా లేదు కదా అనుకుంది హలీనా.

బస్సులో జిగ్మంట్ హుషారుగా ఉన్నాడు. 1938లో తన కీ చూసి అప్పటి ఫోర్‌మన్ దాన్ని ఏడుసార్లు చెత్తబుట్టలో వేశాడని చెప్పాడు. ఎనిమిదోది జేబులో వేసుకుని పొమ్మన్నాడట.

"నాది రెండుసార్లే వేశారు," అంది హలీనా ఉండబట్టలేక.

"అబద్ధం!"

"మెర్ల్‌ని అడుగు."

జిగ్మంట్ పెద్దగా నవ్వాడు. ముందు సీటావిడ వెనక్కి తిరిగి చూసింది. హలీనాకి కోపం పూర్తిగా పోలేదు కానీ, మూడు రోజుల్లో మొదటిసారి ఊపిరి కాస్త తేలిగ్గా ఆడింది.

"ఏం చెప్పాలో గుర్తుందిగా నాన్నా?"

"గుర్తులేకేం? కీ సంగతేగా." ఆమె చేతి మీద తట్టాడు. "నేను చూసుకుంటానుగా."

ఆఫీసు గది చిన్నది. గాజు కిటికీ అవతల లేత్‌లు వరసగా తిరుగుతున్నాయి. ఆమె లేత్ మీద మాత్రం కాన్వాస్ గుడ్డ కప్పి ఉంది. బల్లకి ఆ పక్క యజమాని విట్‌కోమ్ మధ్యలో, ఫోర్‌మన్ మెర్ల్ ఎడంపక్క, జిగ్మంట్ కుడిపక్క కూర్చున్నారు. ఈ పక్క కుర్చీ లేదు. హలీనా నిలబడింది. బల్ల మీద అప్రెంటిస్ కాగితాలు ఉన్నాయి. సంతకాల గీతలు ఖాళీగా ఉన్నాయి.

"మెడలో కీ ఏది?" అన్నాడు మెర్ల్, ఆమెని చూడగానే. "ఎవరు తియ్యమన్నారు?"

"మా నాన్న తీశాడు. ఎందుకో ఆయనే చెబుతాడు."

మెర్ల్ కనుబొమలు ముడిపడ్డాయి. యజమాని జిగ్మంట్ వైపు తిరిగాడు. ఆయన గొంతులో మర్యాద ఉంది. నలభయ్యొక్క ఏళ్ళకి ఇచ్చే మర్యాద.

"నీ మాట మీదే వెళ్దాం జిగ్మంట్. నీ కూతురని కాదు, ఈ షాపులో నువ్వు చెప్పిన మాట ఇంతవరకూ తప్పు కాలేదు. మంగళవారం కీ వదిలింది ఎవరు?"

జిగ్మంట్ గొంతు సవరించుకున్నాడు. చెయ్యి మెడ దగ్గరికి వెళ్ళింది. టై పక్కకి జరిపి, పై గుండీ విప్పి, చొక్కా లోపల తడిమాడు. అక్కడేమీ లేదు. ఇంకోసారి తడిమాడు. ఏమి వెతుకుతున్నాడో తనకే తెలియనట్టు చెయ్యి ఛాతీ మీద ఆగిపోయింది.

టై కట్టిన అమ్మ చేతులే తీగ కూడా విప్పాయని హలీనాకి అప్పుడు అర్థమైంది.

"నాన్నా," అంది. "నిన్న సాయంత్రం. బల్ల దగ్గర. లియో తెచ్చాడు."

"ఆయన్ని చెప్పనియ్యి," అన్నాడు మెర్ల్.

జిగ్మంట్ మొహం ఖాళీ అయింది. ఆయన చెయ్యి అలవాటుగా కుడి జేబులోకి పోయింది. మడతల కాగితం బయటికి వచ్చింది. దాన్ని చూడగానే ఆయన మొహంలోకి ధైర్యం తిరిగొచ్చింది, దారి తప్పినవాడికి ఇంటి గుమ్మం కనిపించినట్టు. కాగితం విప్పాడు, దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు.

"కళ్ళద్దాలు పని చొక్కాలో ఉండిపోయాయి," అన్నాడు సిగ్గుపడుతూ. బల్ల మీదుగా కాగితం కూతురికి అందించాడు. "నువ్వు చదువు హలింకా. మీ అమ్మ రాసింది. ఏం చెప్పాలో అందులో ఉంది."

హలీనా అందుకుంది. గుండ్రటి పెద్ద అక్షరాలు.

'శుక్రవారం. మంగళవారం కీ వదిలింది హలీనా. అడిగితే అదే చెప్పు.'

గాజు కిటికీ అవతల ఎవరో లేత్ ఆపారు. ఆమె జేబులో తన కీ ఉంది. రెండుసార్లు చెత్తబుట్టలో పడి మూడోసారి నిలబడిన కీ. పిడికిలి దాని మీద బిగుసుకుంది.

జిగ్మంట్ ఆమె వైపే చూస్తున్నాడు. రోజూ డబ్బా ఎన్నింటికి తినాలో, బస్సు ఏ పక్క ఆగుతుందో తెలుసుకోవడానికి ఆ కాగితాన్ని ఎలా నమ్ముతాడో, ఇప్పుడు ఆమెని అలాగే నమ్మి చూస్తున్నాడు.

"ఏం రాసుంది?" అన్నాడు మెర్ల్. "గట్టిగా చదువు. మాకూ వినపడాలి."

హలీనా కాగితం మీంచి తల ఎత్తింది. ముందు తండ్రిని చూసింది, తర్వాత సంతకాల గీతలు చూసింది. నోరు తెరిచింది.